బంపరుకి జిగురు ఎందుకు అంటదు?

సెంగ్‌కాంగ్‌లో ఏ హెచ్.డి.బి. బ్లాకు పక్కనున్న మల్టీస్టోరీ కార్‌పార్కులోనైనా ఒక సాయంత్రం తీరిగ్గా నడిచి చూడండి. రివర్‌వేల్ అయినా, యాంకర్‌వేల్ అయినా, కంపాస్‌వేల్ అయినా ఒకటే దృశ్యం. అద్దం తొడుగుకి నల్ల టేపు చుట్టిన కారు ఒకటి, బంపరు మూల కాస్త కిందికి జారిన కారు ఇంకొకటి, ముందు గ్రిల్లులో ఒక పన్ను ఊడినది మరొకటి. ర్యాంపులు ఇరుకు, స్తంభాలు ఎక్కువ, అందరూ ఆఫీసునుంచి ఒకే సమయానికి వస్తారు. స్తంభానికి ఏమీ కాదు. ప్లాస్టిక్కే విరుగుతుంది.

అమెరికాలో ఉండే మిత్రులకి ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. అక్కడైతే పాత కార్ల తుక్కు యార్డుకి వెళ్ళి ఆ ముక్క తెచ్చుకుంటారు. సింగపూరు లెక్కలు వేరు. ఇక్కడ కారు కొనడమంటే ముందు కారుని నడుపుకునే హక్కుని వేలంలో కొనడం. 1990లో మొదలైన ఈ సి.ఓ.ఇ. పద్ధతిలో ఆ హక్కు పదేళ్ళే. 2023 అక్టోబరులో చిన్న కార్ల విభాగంలో అది 1,06,000 సింగపూరు డాలర్లకి చేరింది, అదీ కారు ధర కలపకుండా. అంత పోసి కొన్న బండికి ఎనిమిదో ఏట ఒక కొక్కెం విరిగితే ఏం చెయ్యాలి? కొక్కెం విడిగా అమ్మరు, బంపరు మొత్తం కొనమంటారు. ఇంకో రెండేళ్ళలో సి.ఓ.ఇ. అయిపోతే ఆ బండిని వదిలెయ్యాలా, రెన్యూ చేయించాలా అని తేల్చుకోని మనిషి కొత్త బంపరు మీద డబ్బెందుకు పెడతాడు? కొందరు కాజ్‌వే దాటి జొహోర్ బారు వెళ్తారు. ఎక్కువమంది చేసేది మాత్రం కింది హార్డ్‌వేరు షాపులో రెండు డాలర్ల సూపర్‌గ్లూ ట్యూబు కొనడమే.

మా ఎదురు బ్లాకులో ఉండే మిత్రుడొకాయన, వృత్తిరీత్యా డేటాబేసుల మనిషి, ఒకే ఆదివారం రెండు అతుకులు వేశాడు. ఒకటి పగిలిన అద్దం తొడుగు. రెండోది బంపరుని ఫెండరుకి పట్టి ఉంచే చిన్న రెక్క. అద్దం తొడుగు ఏడాదైనా చెక్కుచెదరలేదు. బంపరు రెక్క మూడో రోజున ఊడి చేతికొచ్చింది. "గురూ, అదే ట్యూబు, అదే చెయ్యి. ఒకటి నిలిచింది, ఒకటి ఊడింది. బగ్గు ఎక్కడుంది?" అని అడిగాడు.

మనవాళ్ళు ఏ ప్రోగ్రాము ఆగిపోయినా ముందు లాగు ఫైలు చూస్తారు కదా. ఊడిన అతుక్కీ అలాంటి లాగు ఉంటుంది, విరిగిన అంచు మీదే. ప్లాస్టిక్కే కొత్త చోట విరిగి ఉంటే జిగురు తన పని తాను చేసిందన్నమాట. జిగురు పొర మధ్యలో చీలి రెండు వైపులా సగం సగం అంటుకుని ఉంటే జిగురు బలం చాలలేదు, లేదా సరిగా గట్టిపడలేదు. పొర మొత్తం ఒక వైపునుంచి శుభ్రంగా, పాల మీద మీగడలా లేచి వచ్చేస్తే జిగురు గట్టిగానే ఉంది, కానీ ఆ ప్లాస్టిక్కుని అసలు అంటలేదు. మిత్రుడి రెక్క మీద కనబడింది ఈ మూడోదే. వేలి గోటితో గీకితే గాజులాంటి పలుచని పొర ఊడి వచ్చింది, కింద ప్లాస్టిక్కు కొత్తదానిలా మెరుస్తోంది.

జవాబు ఆ రెక్క వెనకే రాసి ఉంది. కార్లలో వాడే ప్లాస్టిక్కు భాగాల లోపలి వైపున రెండు బాణపు గుర్తుల మధ్య చిన్న అక్షరాలు అచ్చు వేస్తారు. తుక్కుని జాతుల వారీగా వేరు చెయ్యడానికి పెట్టిన అంతర్జాతీయ పద్ధతి ఇది. మనకి మాత్రం అది డేటా టైపు డిక్లరేషను. మిత్రుడి బంపరు మీద "పీపీ+ఈపీడీఎం-టీడీ20" అని ఉంది. అంటే పాలీప్రొపిలీను, విరక్కుండా సాగడానికి అందులో కలిపిన రబ్బరు, బిగువు కోసం 20 శాతం టాల్కు పొడి. అద్దం తొడుగు మీద "ఏబీఎస్" అని మూడక్షరాలే. పిల్లలాడుకునే లెగో ఇటుకలని 1963 నుంచి చేస్తున్నది ఈ ఏబీఎస్‌తోనే. డాష్‌బోర్డు దగ్గర "పీసీ+ఏబీఎస్" కనబడుతుంది, ఇంజను పక్కన "పీఏ66-జీఎఫ్30", అంటే 30 శాతం గాజుపీచు కలిపిన నైలాను. లోపలి క్లిప్పుల్లో "పీఓఎం" ఉంటుంది. అది జారుడు గుణానికే పుట్టిన ప్లాస్టిక్కు, దానికి జిగురు రాయడం వృథా శ్రమ. కొత్త క్లిప్పు కొనుక్కోండి, చవకే.

ఏబీఎస్‌కి అంటిన జిగురు పాలీప్రొపిలీనుకి ఎందుకు అంటదు? తామరాకు మీద నీటిబొట్టుని గుర్తు తెచ్చుకోండి. బొట్టు ఆకుని తడపదు, ముత్యంలా ముడుచుకుని దొర్లిపోతుంది. తామరాకులో మైనం పూతతో పాటు కంటికి కనబడని గరుకుదనమూ ఉంది కనుక ఉపమానం పూర్తిగా సరిపోదు, అయినా అసలు సంగతి అదే. ఏ ద్రవమైనా ఒక ఘనపదార్థం మీద పరుచుకోవాలంటే ఆ ఉపరితలం ద్రవాన్ని తన వైపు లాక్కోవాలి. ఈ లాగుడుని ఉపరితల శక్తి అంటారు, మీటరుకి ఇన్ని మిల్లీన్యూటన్లని కొలుస్తారు. ఏబీఎస్‌కి ఇది 40కి అటూ ఇటూ, పాలీప్రొపిలీనుకి 30 చుట్టూ, దోసెల పెనం మీద పూసే టెఫ్లానుకి 20 లోపు. నీటి తలతన్యత 72. జిగురుల్లో చాలావాటికి అది 30కీ 50కీ మధ్య ఉంటుంది. ఉపరితల శక్తి ద్రవం తలతన్యత కంటే తక్కువైతే ద్రవం పరుచుకోదు, ముడుచుకుంటుంది. ముడుచుకున్న జిగురు, అణువుల స్థాయిలో చూస్తే, ప్లాస్టిక్కుని తాకిందే తక్కువ.

దీనికి కారణం ఆ ప్లాస్టిక్కు నిర్మాణంలోనే ఉంది. పాలీప్రొపిలీను అంతా కార్బను, హైడ్రోజనుల గొలుసు. ఆ గొలుసులో జిగురు పట్టుకోవడానికి విద్యుదావేశపు తేడా ఉన్న కొక్కెం ఒక్కటీ లేదు. ఏబీఎస్‌లో నైట్రైలు గుంపులున్నాయి, నైలానులో అమైడు గుంపులున్నాయి. మన భాషలో చెప్పాలంటే పాలీప్రొపిలీను బయటికి ఒక్క ఇంటర్‌ఫేసు కూడా ఇవ్వని క్లాసు. ఎంత ఖరీదైన జిగురు తెచ్చినా పిలవడానికి అక్కడ ఫంక్షనే లేదు.

ఈ సంగతి రసాయనశాస్త్రం చదవకుండానే తెలిసిన మనిషి మన ఊళ్ళల్లో ఉండేవాడు. ప్లాస్టిక్కు బిందెలు, బకెట్లు బాగుచేస్తామని వీధి వెంట కేకేస్తూ వచ్చేవాడు చూడండి, అతని దగ్గర జిగురు సీసా ఎప్పుడూ ఉండేది కాదు. ఒక కుంపటి, కాల్చిన ఇనప కడ్డీ, రంగురంగుల పాత ప్లాస్టిక్కు ముక్కలు. బిందె చిల్లు అంచుని కరిగించి, అదే జాతి ముక్కని కరిగించి, రెండూ కలిపి రుద్దేసేవాడు. బిందెల ప్లాస్టిక్కులూ ఈ బంపరు కుటుంబంవే. జిగురు అంటని చోట కరిగించి కలపాలన్నది అతని పాఠం. ఇప్పుడు బాడీ షాపుల్లో ప్లాస్టిక్ వెల్డింగు పేరుతో డబ్బు తీసుకుని చేస్తున్నది ఇదే.

ఇక జిగురుల సంగతి. సూపర్‌గ్లూ, మన ఫెవిక్విక్, అన్నీ సైనోయాక్రిలేటు వంశం. 1942లో ఈస్ట్‌మన్ కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురిచూసే అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్కు వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్నవన్నీ అంటుకుపోతున్నాయని చిరాకుపడి పక్కన పెట్టేశారు! 1951లో కూవర్ పర్యవేక్షణలోనే ఫ్రెడ్ జాయ్నర్ దీన్ని మళ్ళీ పరీక్షిస్తూ ఖరీదైన కొలత పరికరపు గాజు పట్టకాలు రెండింటిని అంటించేశాడు. అప్పుడు వెలిగింది కూవర్‌కి, లోపమనుకున్నదే గుణమని. 1958లో "ఈస్ట్‌మన్ 910" పేరుతో బజారుకొచ్చింది. ఇది ఆరిపోయి గట్టిపడేది కాదు. ఉపరితలం మీదుండే లేశమాత్రపు తేమ తగలగానే అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులైపోతాయి. సింగపూరు గాలిలో తేమకి కొదవ లేదు కనుక ఇక్కడ తొందరగానే పట్టుకుంటుంది, మూత తీసిన ట్యూబు కూడా అంతే తొందరగా రాయైపోతుంది. సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తీశాక చల్లదనం పోయేవరకూ మూత తియ్యకండి, లేకపోతే లోపలే తేమ పట్టేస్తుంది.

దీని బలహీనత పెళుసుదనం. పలుచని పొరగా, రెండు ముక్కలూ సరిగ్గా కూర్చున్నప్పుడు మాత్రమే ఇది బలమైనది. ఖాళీలు పూడ్చలేదు. అదిరే చోట, వంగే చోట గాజులా పలుకుతుంది.

రెండోది ఎపాక్సీ, అంటే మన అరాల్డైటు, ఎం-సీల్. రెసిను ఒక ట్యూబు, హార్డెనరు ఒక ట్యూబు. మనలో చాలామందికి హార్డెనరు కాస్త ఎక్కువేస్తే గట్టిగా, తొందరగా ఆరుతుందని నమ్మకం. సున్నంలో నీళ్ళ లెక్క కాదిది. రెసిను అణువు చివర ఇన్ని చేతులు, హార్డెనరు అణువుకి ఇన్ని చేతులు అని జత లెక్క ఉంటుంది. ఎక్కువైనవి జత దొరక్క మధ్యలో మిగిలిపోయి అతుకుని మెత్తబరుస్తాయి. ఇంకో సంగతి, ఐదు నిమిషాల ఎపాక్సీ సౌకర్యమే కానీ ఎండకి ఆగదు. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడతాయి. కార్‌పార్కు పై అంతస్తులో నడిమధ్యాహ్నం నిలిపిన కారు డాష్‌బోర్డు 70 దాటగలదు. డాష్‌బోర్డు మీద ఫోను స్టాండు ఊడిపోవడానికి తరచు ఇదే కారణం.

మూడోది అక్రిలిక్ స్ట్రక్చరల్ జిగురు, ఎం.ఎం.ఏ. అని పిలుస్తారు. వాసన భరించడం కష్టం, మండే గుణం ఉంది, బాల్కనీ తలుపులు తెరిచే వాడాలి. కానీ ఏబీఎస్ మీద ఇది ఉపరితలాన్ని కొంచెం మెత్తబరిచి లోపలికి దిగుతుంది, గట్టిపడ్డాక కాస్త సాగే గుణమూ ఉంటుంది. ఏబీఎస్‌కి ఇంకో చవక మార్గం అసిటోను. అదే రంగు ఏబీఎస్ ముక్కలు (పిల్లల్ని ఒప్పించగలిగితే ఒక లెగో ఇటుక) గాజు సీసాలో అసిటోనులో వేసి రాత్రంతా ఉంచితే పేస్టు తయారవుతుంది. దాన్ని పగులులో నింపితే అసిటోను ఎగిరిపోయి ఏబీఎస్ మిగులుతుంది, అంటే జిగురే లేని అతుకు. హెడ్‌లైటు అద్దం దగ్గరికి మాత్రం అసిటోనుని రానివ్వకండి. అది పాలీకార్బొనేటు, సాలెగూడులాంటి సన్నని పగుళ్ళు వచ్చేస్తాయి.

జిగురు ఎంపిక కంటే అతుకు ఆకారం ముఖ్యమని నా అభిప్రాయం. పెనం మీది అట్టుని చూడండి. మొత్తాన్ని ఒకేసారి నిలువుగా పైకి లాగితే రాదు. అట్లకాడతో అంచు లేపితే తేలిగ్గా వచ్చేస్తుంది. జిగురుకీ ఇంతే. నేరుగా లాగే బలాన్ని మొత్తం వైశాల్యం పంచుకుంటుంది. వంచే బలం అంచు మీదున్న సన్నని గీత మీదే పడుతుంది.

మిత్రుడి బంపరు రెక్కతో లెక్క కడదాం. వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3, పొడవు 20. జిగురు బలం చదరపు మిల్లీమీటరుకి 10 న్యూటన్లనుకుందాం. విరిగిన అంచు వైశాల్యం 60 చదరపు మిల్లీమీటర్లు కనుక నేరుగా లాగితే 600 న్యూటన్లు, అంటే దాదాపు 60 కిలోలు ఆపాలి. ఇంట్లో చేత్తో లాగి చూసి "భలే గట్టిగా ఉంది" అనుకునేది ఈ పరీక్షే. కానీ బంపరు రెక్కని లాగదు, వంచుతుంది. రెక్క కొసన బలం పడితే అంచు దగ్గర వంపు ఒత్తిడి ఆ బలానికి ఆరురెట్లని పొడవుతో గుణించి, వెడల్పుతోనూ మందం వర్గంతోనూ భాగిస్తే వస్తుంది. లెక్క వేస్తే 15 న్యూటన్లకే, అంటే కిలోన్నరకే, అతుకు పరిమితికి చేరుతుంది. అదే జిగురు, అదే అంచు, 60 కిలోలెక్కడ, కిలోన్నరెక్కడ!

ఈ సూత్రంలోనే ఉపాయమూ ఉంది. మందం వర్గంగా వస్తోంది. వెనకనుంచి పగులు మీదుగా అంతే మందం గల ఇంకో ముక్క అతికిస్తే మందం 6 అవుతుంది, ఆగే బరువు నాలుగింతలై 6 కిలోలకి చేరుతుంది. పైగా జిగురు పట్టే వైశాల్యమూ పెరుగుతుంది. కనబడే వైపు నునుపు కోసం ఎంత తాపత్రయపడినా బలమంతా కనబడని వెనక వైపునుంచే రావాలి.

మిత్రుడి రెక్కకి చివరికి చేసింది ఇది. ముందు ముక్కని విప్పి, సబ్బునీళ్ళతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాడు. ఆ తర్వాతే గరుకు కాగితం. ఈ వరస తిరగబడకూడదు. కార్‌వాష్‌లో పూసే సిలికోను మెరుపు అలాగే ఉండగా రుద్దితే దాన్ని గీతల్లోకి కూరినట్టే. తర్వాత సోల్డరింగు కడ్డీకి చదును మొన బిగించి, వేడి తగ్గించి, పగులుని "వి" ఆకారంలో కరిగిస్తూ పాలీప్రొపిలీను పట్టీ నింపాడు. వీడియోల్లో చాలామంది వైర్లు కట్టే జిప్ టైలని పట్టీగా వాడుతుంటారు. అవి నైలాను. నైలాను 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాలీప్రొపిలీను 165 దగ్గర. రెండూ పక్కపక్కన గడ్డకడతాయి తప్ప కలవవు. బంపరు పట్టీలు విడిగా దొరుకుతాయి. దొరక్కపోతే, చిన్న రెక్కల వరకు, కోపీటియంలో తాపావ్ కట్టించుకున్న డబ్బా కింద త్రికోణంలో 5 అంకె ఉంటే అదీ పాలీప్రొపిలీనే, సన్నగా కత్తిరించి వాడొచ్చు. వెనక సన్నని స్టీలు జాలీని వేడిచేసి ప్లాస్టిక్కులోకి దించి, పైన ఇంకో పొర కరిగించాడు. ప్లాస్టిక్కు పొగ రాకూడదు, కరిగితే చాలు. పొగ వస్తోందంటే గొలుసులు తెగిపోతున్నాయని అర్థం.

కడ్డీ పట్టడం ఇష్టంలేనివాళ్ళకి ఇంకో దారుంది. పాలీఓలెఫిన్ ప్రైమరని చిన్న సీసా వస్తుంది, సూపర్‌గ్లూకి జంటగా. అది రాసి ఆరాక జిగురు వేస్తే పాలీప్రొపిలీనుని కూడా పట్టుకుంటుంది. కార్ల ఫ్యాక్టరీల్లో బంపరుకి రంగు పట్టడానికి మంటని వేగంగా ఉపరితలం మీదుగా పోనిస్తారు. గాలిలోని ఆక్సిజను గొలుసుల మీద కొక్కేలు మొలిపిస్తుంది. ఫలితం తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు, ఒక నీటిబొట్టు వేసి చూడండి. ముడుచుకుంటే పని కాలేదు, పరుచుకుంటే అయింది. ఆ గుణం రోజులు గడిస్తే తగ్గిపోతుంది కనుక వెంటనే జిగురు రాయాలి.

పగులు ఇంకా సాగుతున్న పెద్ద ముక్క అయితే ముందు దాని కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యండి. సూదిమొన లాంటి కొస గుండ్రమైపోతే ఒత్తిడి ఒకచోట పోగుపడదు.

సూపర్‌గ్లూ వాడేటప్పుడు నూలు చేతితొడుగులు, దూది వద్దు. నూలు మీద పడితే ఒక్కసారిగా గట్టిపడుతూ చర్మం కాలేంత వేడి పుట్టిస్తుంది. నైట్రైల్ తొడుగులు వాడండి. వేళ్ళు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టండి. కంట్లో పడితే నీళ్ళతో కడిగి నేరుగా డాక్టరు దగ్గరికే.

అతకకూడనివీ ఉన్నాయి, వాటి దగ్గర పొదుపు లెక్కలు పనికిరావు. ఎయిర్‌బ్యాగు మూత, దాని చుట్టూ ఉన్న డాష్‌బోర్డు ఆ సన్నని గీత దగ్గరే చిరిగేలా తయారై ఉంటాయి. ఎయిర్‌బ్యాగు సెకనులో ఇరవయ్యో వంతు లోపే విచ్చుకుంటుంది. అక్కడ ఎపాక్సీ ముద్ద ఉంటే అది ముఖం మీదికి దూసుకొచ్చే రాయి. సీటుబెల్టు బకిలు, బ్రేకు ద్రవం డబ్బా, పెట్రోలు గొట్టాలు ముట్టుకోవద్దు. బంపరు వెనక రాడారు ఉన్న కొత్త కార్లలో దాని ముందు లోహపు జాలీ వెయ్యకండి, రాడారుకి అది గోడ. కూలెంటు డబ్బా చూడ్డానికి మామూలు ప్లాస్టిక్కు సీసాలా ఉంటుంది, పగిలినా ఇంటి దగ్గర చుక్క కారదు. చల్లగా ఉన్నప్పుడు లోపల ఒత్తిడి ఉండదు మరి. టీపీఈ మీద అరగంట నడిపాక అందులో ఉండేది వంద డిగ్రీల చుట్టూ కాగుతున్న నీళ్ళు, వాతావరణ పీడనం మీద దాదాపు ఇంకో వాతావరణమంత ఒత్తిడి. ఆ డబ్బా పగిలితే మాత్రం కొత్తదే వేయించండి.